చెరి సగం తాళం

మా ఇంట్లో బియ్యం డబ్బాకీ ఫ్రిజ్జుకీ మధ్య ఒక నల్లటి ఇనప్పెట్టె ఉంది. ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటరు అది. దాని భద్రత ముందు దేశాల ఖజానాలన్నీ చంటిపిల్లల మట్టి హుండీలు. అందులోకి దొంగ దూరలేడు, పోలీసు దూరలేడు. మొన్న వేసవిలో ఓ నాలుగు రోజులు నేనూ దూరలేకపోయాను. నేనే కట్టిన కోట కాబట్టి ఇందులో కొంత గర్వపడాల్సింది కూడా ఉందని మా ఆవిడతో అన్నాను. ఆవిడ చేతిలో అప్పుడు అట్లకాడ ఉండటం వల్ల ఆ వాదన పొడిగించలేదు.

పెట్టెలో ఏముందో ముందు చెప్పాలి. మా ఆవిడ వీణ నేర్పుతుంది. ఆవిడకి నేర్పినావిడ బొబ్బిలి వైపు మనిషి. ఆ పెద్దావిడ పాఠాలు చెబుతుంటే మా ఆవిడ పెళ్ళికి ముందు నుంచీ క్యాసెట్ల మీద రికార్డు చేసుకుంది. మూడు వందల పైచిలుకు పాఠాలు. ఒక్కో పాఠంలో నాలుగో వంతు సంగీతం, మిగతా మూడు వంతులూ తిట్లు. మధ్యలో పక్కింటి కోడి, కుక్కరు విజిలు, పాలవాడి సైకిలు గంట కూడా తమ వంతు తాళం వేస్తుంటాయి. వాటిలో ఒక తానం ఉంది. అది ఏ పుస్తకంలోనూ లేదు, పెద్దావిడ ఎవరికీ రాసివ్వలేదు, ఆవిడ చేతిలోంచి మా ఆవిడ చేతిలోకి వచ్చింది. పెద్దావిడ ఇప్పుడు లేదు. ఏటేటా వర్ధంతి నాడు శిష్యులంతా ఒకచోట చేరి వాయిస్తారు. ఆ తానం మా ఆవిడ వంతు.

విశాఖ సముద్రపు గాలికి ఇనుమే పొడైపోతుంది, క్యాసెట్టు ఎంత? రీళ్ళకి బూజు పట్టింది. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక ముసలి భాయ్ రేడియోలు బాగు చేస్తాడు. ఆయన ఆ రీళ్ళని దూదితో తుడిచి, ఒక్కొక్కటీ నడిపించి, పాఠాలన్నీ ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి ఇచ్చాడు. తుడిచిన రీళ్ళు సగం ఆయన చేతిలోనే తెగిపోయాయట. డిస్కు చేతిలో పెడుతూ, "ఇప్పుడు ఇది ఒక్కటే ఉంది సాబ్. ఒక్కటి ఉన్నదంటే లేదనే లెక్క. రెండు చోట్ల పెట్టుకోండి," అన్నాడు. చివర్లో గొంతు తగ్గించి, "ఆ అమ్మ తిట్లు చాలా బాగుంటాయి సాబ్. మా ఇంట్లో అందరం కూర్చుని విన్నాం," అని కూడా అన్నాడు.

నెల తిరక్కుండా ఆ చిన్న డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు మొదలెట్టింది. మా ఆవిడ వచ్చి నా ఎదుట నిలబడింది.

"ఇది పోతే మరి నాను వీణ ముట్టుకోను. తెలిసిందా?"

ఆవిడ బెదిరింపులు నాకు కొత్త కాదు. ఇది బెదిరింపులా లేదు. అందుకే భయం వేసింది.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో కరెంటు పనివాడిని. రోలింగ్ మిల్లు మోటార్లని ఆడించి, అలసిపోతే ఓదార్చి, కాలిపోతే కార్యం జరిపించిన చేతులివి. రెండు డిస్కులు ఒక లెక్కా? కంప్యూటర్ని నడిపించే లినక్స్ అనే ఉచిత విద్యని ఇంటర్నెట్టులో పది రోజులు చదివాను. పదకొండో రోజుకి ప్రపంచంలో లినక్స్ తెలిసినవాళ్ళు నాతో కలిపి ఇద్దరో ముగ్గురో ఉంటారనే నిర్ధారణకి వచ్చాను. పథకం తేలికే. రెండు పెద్ద డిస్కులు పెట్టెలో పక్కపక్కనే బిగించాలి. ఒకదాని మీద ఏది రాస్తే రెండో దాని మీదా అదే క్షణంలో అదే పడుతుంది, అద్దంలో చూసుకున్నట్టు. ఒకటి చచ్చినా రెండోది పాడుతూనే ఉంటుంది. భాయ్ చెప్పిందీ ఇదే.

అక్కడితో ఆగితే నేను మామూలు మనిషినయ్యేవాణ్ణి. చదివిన చోట ఇంకో మాట కూడా ఉంది. పెట్టెనే ఎవరైనా ఎత్తుకుపోతే? అందుకని లోపలున్న సమస్తాన్నీ గూఢలిపిలోకి మార్చి తాళం వేయాలట. పెట్టె ఆగి మళ్ళీ లేచినప్పుడల్లా ఒక రహస్య వాక్యం అడుగుతుంది. చెప్పకపోతే లోపల ఉన్నది వట్టి ఇసక.

"దొంగోడు పాఠాలు ఏటి సేసుకుంటాడండి?" అంది మా ఆవిడ.

"వింటాడు."

"వింటే ఆడే బాగుపడతాడు. ఆవిడ సేతిలో తిట్లు తిన్నోడు ఎవుడూ సెడిపోనేదు."

నేను వినలేదు. ఇక్కడే మా బావ రంగంలోకి వస్తాడు. మా ఆవిడకి అన్నయ్య, నాకు బావ, ఆటోనగర్‌లో ఇనుము చెక్కే లేతు షెడ్డుకి చక్రవర్తి. అంతకుముందు ఏళ్ళ తరబడి షట్‌డౌన్ పనులకి, అంటే మిల్లు ఆపి చేసే మరమ్మతులకి, మా ఫ్యాక్టరీకే వచ్చేవాడు. అందుకని మా ఇద్దరికీ ఒకే మతం ఉంది. తాళాల మతం.

మిల్లు ఆపి లోపలికి దిగాలంటే, దిగే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్చికి తన తాళం తాను వేస్తాడు. తాళంచెవి తన జేబులో ఉంటుంది. పది మంది దిగితే పది తాళాలు. పనయ్యాక ఎవరి తాళం వాళ్ళే తీయాలి, ఒకరిది ఇంకొకరు తీయకూడదు. జనరల్ మేనేజర్ వచ్చి బతిమాలినా తీయకూడదు. ఒకసారి ఒకాయన తాళంచెవి జేబులో వేసుకుని ఎలమంచిలి వెళ్ళిపోతే, మిల్లంతా చేతులు కట్టుకుని కూర్చుంది. జీపు పంపించి, భోజనం మీద ఉన్నవాణ్ణి చెయ్యి కడిగించి తీసుకొచ్చారు. ఆ తాళాల వల్ల బతికి బట్టకట్టినవాళ్ళం మేం. వాటి మీద ఈగ వాలనివ్వం.

కాబట్టి పెట్టెకి రహస్య వాక్యం పెట్టే ఘడియ వచ్చినప్పుడు నాకు మహత్తరమైన ఆలోచన పుట్టింది. మొదటి సగం నేను కొడతాను, రెండో సగం బావ కొడతాడు. ఒకరి సగం ఒకరికి చెప్పుకోం. ఇద్దరూ ఉంటే తప్ప పెట్టె తెరుచుకోదు. కంప్యూటర్లు పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఊహ ఎవరికీ రాలేదని నా నమ్మకం. ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుసు.

ఆ ఆదివారం ఉదయం బావ షెడ్డు నుంచి తన కీబోర్డు చంకలో పెట్టుకొచ్చాడు. పెట్టెకి కీబోర్డు అవసరం ఆ ఒక్కరోజే కదా, కొనడం దేనికని. దాని మీద గ్రీజు వేలిముద్రలు, సందుల్లో ఇనుప రజను. తలకిందులు చేసి తడితే ఒక చిన్న మేకుకి సరిపడా లోహం రాలింది. మా ఇంటి టీవీని తెచ్చి పెట్టెకి తగిలించాం. డిస్కులు చెరిపేస్తాను, నిజంగానే ఒప్పుకుంటున్నావా, ఒప్పుకుంటే పెద్ద అక్షరాలతో అవునని కొట్టు అని అడిగింది యంత్రం. నా పెళ్ళిలో కూడా ఎవరూ అంత గట్టిగా అడగలేదు. కొట్టాను.

నా సగం కొట్టాను. బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నేను గోడవైపు తిరిగాను, బావ కూర్చున్నాడు. వెనక నుంచి ఒక్కో వేలూ పడుతున్న చప్పుడు వినిపించింది, సమ్మెట పడినట్టు.

"బావా, తెర మీద ఏటీ పడతన్నాది కాదు! కీబోర్డు సచ్చిపోయిందేటి?"

నేను గోడకే చిరునవ్వు నవ్వాను. "అది రహస్యం బావా. నువ్వు కొట్టేది కనబడదు, చుక్క కూడా పడదు. లోపల పడుతుందిలే, నువ్వు కొట్టు."

"సుక్కైనా పడకపోతే నాను కొట్టినట్టు దానికెలా తెలుస్తాది?"

"దానికి తెలుసు."

"ఏమో బావా. ఇందులో ఓ మీట నొక్కుతుంటే మెత్తగా దిగిపోతన్నాది."

"లేతు కాదు బావా ఇది, సాఫ్ట్‌వేరు!" అని నవ్వాను. ఆ నవ్వు ఎంత విజ్ఞానవంతంగా ఉందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

సరి చూసుకోవడానికి రెండోసారి కూడా కొట్టమంది, మళ్ళీ గోడలు మార్చుకున్నాం. తాళం పడింది. పాఠాలన్నీ లోపలికి ఎక్కించాను. ఎక్కించిన రెండో రోజున టిక్కుటిక్కుమనే చిన్న డిస్కు శాశ్వతంగా ఊపిరి వదిలింది. మా ఆవిడ నా వైపు గౌరవంగా చూసింది. పాతికేళ్ళ కాపురంలో అలా చూడటం రెండోసారి. మొదటిసారి ఎందుకు చూసిందో నాకు గుర్తులేదు, ఆవిడకీ గుర్తులేదట. బావ తన కీబోర్డు తీసుకుని వెళ్ళిపోయాడు. పెట్టె మళ్ళీ వాక్యం అడిగితే కావాలి కదా అని, నేను దీపాలు వెలిగే కొత్త కీబోర్డు ఒకటి కొనుక్కున్నాను. పెట్టె ఆగకుండా నెలల తరబడి నడిచింది.

ఆ నెలల్లోనే ఈ పత్రికలో నా వ్యాసం ఒకటి వచ్చింది, అప్పుడప్పుడూ రాస్తుంటాను. అందులో ఆటోనగర్‌లో లేతు షెడ్డు ఉన్న ఒక బంధువు వస్తాడు. పేరు రాయలేదు, నాకు ఆ మర్యాద ఉంది. ఆయన ఒక బోల్టు తిప్పి ఇచ్చేలోగా పోర్టుకి ఓడ వచ్చి, సరుకు దింపుకుని, వెళ్ళిపోయి, ఇంకో సరుకుతో మళ్ళీ వస్తుందని మాత్రం రాశాను. జనం చాలా మెచ్చుకున్నారు. ఆటోనగర్ జనం మరీ మెచ్చుకుని, ఆ వ్యాసం కత్తిరించి బావ షెడ్డు తలుపు మీద అతికించారు. బోల్టు ఇవ్వడానికి పిలిస్తే ఒకడు "ఓడ వచ్చిందా?" అని అడిగాడట.

బావ నాతో మాటలు మానేశాడు.

ఆదివారం వర్ధంతి అనగా, బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. వేసవిలో అదేం వింత కాదు, మనకి ఇన్వర్టర్ ఉంది. ఇన్వర్టరు ఒకసారి కీచుమని ఊరుకుంది. బ్యాటరీ మూత తీసి చూస్తే లోపల ఎండాకాలపు చెరువు. రోలింగ్ మిల్లుకి కరెంటు ఇచ్చే నేను, సొంత బ్యాటరీకి నీళ్ళు పోయడం మరిచిపోయాను. పెట్టె ఆగింది. సాయంత్రం కరెంటు రాగానే లేచి, రహస్య వాక్యం చెప్పమని కూర్చుంది.

డిస్కులు రెండూ క్షేమం. ఒకదాన్ని చూసి ఒకటి మురిసిపోతూ, ఒక్క అక్షరం తేడా లేకుండా, మేం తెరవలేని ఒకే రహస్యాన్ని రెండు ప్రతులుగా కాపాడుతున్నాయి.

మా ఆవిడ వీణ ముందు కూర్చుని ఉంది. "ఆ తానం ఓపాలి పెట్టండి. మజ్జిలో ఓ మలుపున్నాది, సేతికి అందతన్నాది కాదు. ఆవిడ మెట్టు దాటి ఎనక్కొచ్చే సోట."

"పెడతాను."

"ఎప్పుడు?"

"మీ అన్నయ్య వస్తే."

ఆవిడ వీణ పక్కన పెట్టింది. అదే నాకు అసలైన దెబ్బ.

గురువారమంతా బావ సగాన్ని ఊహించడానికి కూర్చున్నాను. మనిషి తెలిసినవాడే కదా అని ధీమా. ఆయన స్కూటరు నంబరు, ఇష్టమైన చేప, పెళ్ళి రోజు, చిన్నప్పుడు కరిచిన కుక్క పేరు, అన్నీ కొట్టాను. పెట్టె ప్రతిసారీ ఒకే మర్యాదతో కాదంది. ముందు గదిలోంచి వీణ వినిపించేది. మలుపు దాకా వచ్చి ఆగేది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే ఆగేది.

శుక్రవారం ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డు తలుపు మీద నా వ్యాసం ఇంకా ఉంది, ఎండకి పసుపెక్కి. బావ లేతు మీద వంగి ఉన్నాడు, తలెత్తలేదు.

"బావా."

"ఎవులండీ? బోల్టు కావాలా? ఓడ రానీండి, సూద్దాం."

"మీ చెల్లికి ఆదివారం వాయించాలి బావా. పెట్టె ఆగిపోయింది. నీ సగం చెప్పు, నేనే వెళ్ళి కొట్టుకుంటాను."

లేతు ఆపాడు. "ఏటీ? నా తాళం నువ్వు తీత్తావా? ఇన్నేళ్ళు ఫ్యాక్టరీలో సేసినావు, ఇదేటి నేర్సుకున్నావు?"

నేనైనా అదే అనేవాణ్ణి.

"సెల్లి కోసం వత్తాను, రేపు పొద్దున. నీ కోసం కాదు. ఒక మాట మాత్రం ఉన్నాది. రాసినోడివి నువ్వే, మల్లీ నువ్వే రాయాల. నా బోల్టులు సెప్పిన రోజుకి అందుతాయని అచ్చులో రావాల."

"రాస్తాను."

"ఎటకారం లేకుండా."

ఇది చాలా కఠినమైన షరతు. ఒప్పుకున్నాను.

శనివారం ఉదయం బావ వచ్చాడు. చెల్లెలు పెట్టిన పెసరట్లు నాలుగు తిన్నాడు, నా వైపు చూడకుండా. తర్వాత గోడలు మార్చుకున్నాం. నా సగం, ఆయన సగం, ఎంటర్.

కాదంది.

"నీ సగం మరిచిపోయావా?" అన్నాను.

"నానా? నువ్వే మరిసిపోయుంటావు. నీ బేటరీకి నీల్లు పొయ్యడమే గేపకం నేదు నీకు!"

ఇంకోసారి. కాదంది. ఆరుసార్లు కొట్టాం. ఎవరి సగం తప్పో చెప్పేవాడు లోకంలో లేడు. నాది బావకి చూపించను, ఆయనది నేను చూడను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి మా ఇద్దరి వీపులనీ చూస్తోంది.

"అన్నయ్యా," అంది మెల్లగా. "ఆ మలుపు నాకు రాదేమో. రేపు నాను ఎల్లను."

బావ కుర్చీలోంచి లేవలేదు. దీపాలు వెలిగే నా కీబోర్డుని ఎగాదిగా చూశాడు. వేలితో ఒక్కో మీటా నొక్కి చూశాడు, లేతు మీద పని చూసినట్టు.

"ఇవన్నీ పనిసేత్తన్నాయి," అన్నాడు.

"చెయ్యక? కొత్తది."

"అదే కదా సెప్తన్నాను. నాదాంట్లో ఓ మీట మెత్తగా దిగిపోయీది, పనిసెయ్యదు. బిల్లు కొడతన్నప్పుడు సూసినాను, ఆ అచ్చరం పడనే పడదు. ఆ రోజు రెండుపాల్లూ మనం కొట్టినా అది పడనేదు బావా! తాళం ఆ అచ్చరం నేకుండానే పడిపోనాది. నాను సెప్తే నవ్వినావు నువ్వు!"

ఆ అక్షరం నా సగంలో ఉందో ఆయన సగంలో ఉందో మాకు ఇప్పటికీ తెలియదు. మాకు అర్థమైంది ఒక్కటే. సముద్రపు గాలీ ఇనుప రజనూ కలిసి మూడో తాళం కూడా వేసిపెట్టాయి. దాని చెవి ఆటోనగర్‌లో ఉంది.

ఈసారి నన్ను జీపుగా పంపారు. స్కూటరు మీద వెళ్ళి, ఆ కీబోర్డుని తువ్వాలులో చుట్టి, సిజేరియన్ బిడ్డని తెచ్చినట్టు తెచ్చాను. తగిలించాం. గోడలు మార్చుకున్నాం. నా సగం. ఆయన సగం. ఎంటర్.

పెట్టె ఊరుకుంది. అంటే ఒప్పుకుంది. లినక్స్‌కి సంతోషం వస్తే ఏమీ మాట్లాడదు.

తానం పెట్టాను. ముందు కోడి కూసింది. తర్వాత పెద్దావిడ గొంతు, "సెయ్యి అలా పడీసినావేటే, సేపని కోస్తన్నావా?" అని. ఆ తర్వాత వీణ. మలుపు దగ్గర మా ఆవిడ కళ్ళు మూసుకుంది. ఎడమ చెయ్యి ఒళ్ళోనే కదిలింది. "ఇదీ," అంది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టమంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా అది ఎన్నిసార్లు తిరిగిందో, బావా నేనూ ఎన్నిసార్లు కోడి కూత విన్నామో చెప్పలేను. ఆదివారం సభలో ఆవిడ ఆ మలుపు దాటి వెనక్కి వచ్చినప్పుడు ముందు వరసలో ఒక ముసలి శిష్యురాలు కళ్ళు ఒత్తుకుంది. పక్కనున్న బావ నా మోచేతి మీద పొడిచి, "మన కీబోర్డు," అన్నాడు.

మాట ప్రకారం ఇక్కడ రాస్తున్నాను. మా బావ బోల్టులు చెప్పిన రోజుకే అందుతాయి. ఎటకారం లేదు. ఓడలు కూడా వాటిని చూసి వేళకి వస్తున్నాయి.

ఆ సోమవారం మా ఆవిడ అడిగింది, పెట్టెకి ఇంకో తాళం పడుతుందా అని. నా పాండిత్యం చూపించే అవకాశం వదులుకుంటానా? ఒకే తలుపుకి చాలా తాళాలు పెట్టుకోవచ్చు, ఏ ఒక్కటి తీసినా తలుపు తెరుచుకుంటుంది అని వివరంగా చెప్పాను. బావని పిలిపించి మా రెండు సగాలూ ఆయన కీబోర్డు మీద కొట్టించింది. మమ్మల్ని గోడవైపు తిప్పి, దీపాల కీబోర్డు మీద తన వాక్యం తను పెట్టుకుంది. పెద్దావిడ తిట్లలో ఏదో ఒకటి అయ్యుంటుందని నా అనుమానం. మూడు వందల పాఠాల్లో ఏ తిట్టని వెతకను?

ఆ తర్వాత వారం రోజులు కళ్ళద్దాలు పెట్టుకుని ఏదో చదివింది. నా మీద గౌరవం పెరిగి లినక్స్ నేర్చుకుంటోందనుకున్నాను. శనివారం కాఫీ ఇస్తూ చెప్పింది.

"మీ సగం, అన్నయ్య సగం కలిపి తీసీసినాను. ఆ తాళం మరి పనిసెయ్యదు."

"మా తాళం నువ్వెలా తీస్తావ్? ఎవరిది వాళ్ళే తీయాలి! అది రూలు!"

"అది మీ ఫ్యాక్టరీలో. ఇది నా వంటిల్లు."

బావకి ఫోన్ చేసి చెప్పాను. రూలు రూలేనని రెండుసార్లు అన్నాడు. చివరికి, "కీబోర్డు ఉంచమంటాదా, తీసుకెల్లమంటాదా?" అని అడిగాడు.

ఇప్పుడు కరెంటు పోయి వచ్చిందంటే మా ఆవిడ చెయ్యి తుడుచుకుని పెట్టె ముందు కూర్చుంటుంది. ఆ వేళకి బావ ఇంట్లో ఉంటే మేమిద్దరం చెప్పకుండానే లేచి, చెరో గోడవైపు తిరిగి నిలబడతాం. వెనక మీటల చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి కోడి కూస్తుంది. అప్పుడు ఇటు తిరుగుతాం.